బొమ్మకు పొట్ట

"ఆ పొట్ట పీకెయ్!"

మేడం కేకకి క్లాసులో కత్తెరలన్నీ టక్కున ఆగిపోయాయి. పుల్ల చేతులు మాత్రం ఆగలేదు. తలలేని కుట్టుబొమ్మ నడుముకి ఇంకో గుప్పెడు దూది అద్ది, పైన గుడ్డ చుట్టి, గుండుసూది గుచ్చింది.

ఆ ఫ్యాషన్ డిజైన్ శిక్షణ కేంద్రంలో ఆ అమ్మాయిని అందరూ పుల్ల అనే అంటారు. మనిషి సూదంత సన్నం, మాట సూదంత సూటి. దారాన్ని ఇట్టే దారికి తెస్తుంది గానీ తను మాత్రం ఎవరి దారికీ రాదు.

"బొమ్మలన్నీ ఒకే కొలతవి. దాన్ని పాడుచేసే హక్కు నీకెవరిచ్చారు?"

"పాడు చేయట్లేదు మేడం, బొమ్మని మనిషిని చేస్తున్నా. దీనికి కొలతలున్నాయి గానీ కలతలు లేవు."

"మనిషా ఇది! ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. వీపేమో తలుపంత. పైగా ఈ పొట్టొకటి! లోకంలో ఇలాంటి ఒళ్ళు ఎవరికైనా ఉంటుందా?"

"ఉంది మేడం."

"ఎవరికి?"

"పరీక్ష రోజు చూపిస్తా."

క్లాసంతా కిసుక్కుమంది. పుల్ల పిన్నిని చూడనివాళ్ళు అక్కడ లేరు. వాన పడ్డప్పుడల్లా గొడుగు పట్టుకుని గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. ఆవిడ నిలబడితే ఇక గుమ్మం కనబడదు.

మేడం తలపట్టుకుంది. చలికాలమైనా, చెమటలు కక్కే కాలమైనా ఆవిడ ఒంటి మీద మోకాళ్ళు దాటిన నల్లకోటు, మెడలో టేపు ఉండాల్సిందే. ఆ కోటే ఆవిడ కోట. అందులోంచి పేల్చే ఫిరంగులకి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. కుడి భుజాన వేలాడే కత్తెరల సంచీ బల్ల మీద దబ్బున పడిందంటే పాఠం మొదలైనట్టే. ఆవిడ బోర్డు మీద గీసిన గౌన్లు చూసి పక్క క్లాసువాళ్ళు కూడా కిటికీల్లోంచి తొంగిచూసేవారు. వాటిలో ఒక్కటైనా ఆవిడ వేసుకోగా చూసినవాళ్ళు మాత్రం లేరు.

"నీ బాధేంటో నాకర్థం కాదు. బోర్డు మీద గీస్తున్నంతసేపూ కళ్ళు నా మీంచి కదలవు. అంత శ్రద్ధ ఇంకెవరికీ లేదు. చేతులకే మాట వినే జబ్బు లేదు! చూడమ్మా, ఫ్యాషనంటే ఉన్న ఒంటికి కాదు, ఉండాల్సిన ఒంటికి."

"ఆ ఉండాల్సిన ఒళ్ళు ఎక్కడుంటుంది మేడం? అందరం ఉన్న ఒంట్లోనే ఉంటున్నాం కదా."

"పరీక్షకొచ్చే అద్దె మోడళ్ళకి ఇది పట్టదు. మనిషి మీద చూపించకపోతే సున్నా వేస్తా. తర్వాత నా దగ్గర ఏడవకు."

సున్నా అంటే ఏమిటో పుల్లకి తెలుసు. పిన్నికి బజారులో చిన్న కుట్టుదుకాణం ఉంది. చెడ్డ జిప్పులు మార్చడం, పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం అక్కడి పని. పరీక్ష తప్పితే నోరెత్తకుండా ఆ జిప్పుల ముందు కూర్చోవాలన్న షరతు మీదే ఈ కోర్సులో చేర్చింది.

"ఫ్యాషనూ నీ మొహమూ!" అంది పిన్ని ఆ సాయంత్రం. "మేడంతో పేచీ ఎందుకే? ఆ దూదేదో పీకేసి పాసవ్వు. లేదంటే జిప్పుంది. బతుకంతా తెరుస్తూ మూస్తూ గడిపెయ్యొచ్చు."

"నాకు తెరవడం చాలు పిన్నీ. మూసే పని పెట్టుకోను."

పరీక్ష రోజు పెద్ద బట్టల సంస్థ యజమానురాలు వచ్చింది. ఆవిడకి నచ్చినవాళ్ళకి అక్కడే ఉద్యోగం. అద్దె మోడళ్ళు ఒకే అచ్చులో పోసినట్టు వరసగా వచ్చి, తిరిగి, వెళ్ళారు. ఆవిడ తలూపింది, ఆవలించింది, మళ్ళీ తలూపింది.

చివరికి యజమానురాలు పుల్ల బొమ్మ దగ్గరకొచ్చి ఆగింది. ముదురాకుపచ్చ గౌను. పల్లంగా ఉన్న కుడి భుజం మీంచి మడతలు ఏటవాలుగా నడుము దాకా జారాయి. ఆ వంపుని దాచలేదు సరికదా, అటువైపే చూపు లాగాయి. యజమానురాలు కళ్ళజోడు సర్దుకుంది.

"నేను వద్దంటూనే ఉన్నానండీ," అంది మేడం. "ఇలాంటి ఒంటికి ఫ్యాషనెందుకు చెప్పండి? పైన ఏదో ఒకటి వేసుకుంటే సరిపోదూ!"

"సరిపోదు మేడం," అంది పుల్ల.

మేడం మొహం కందిపోయింది. యజమానురాలు మాత్రం మడతల మీంచి చూపు తిప్పలేదు.

"బొమ్మ మీద బాగానే ఉంది. కొలతలు నిజమో నీ ఊహో మనిషి వేసుకుంటేనే తెలుస్తుంది. ఎవరమ్మా ఆ మనిషి?"

అందరి తలలూ పిన్ని నిలబడ్డ గుమ్మం వైపు తిరిగాయి. పిన్ని గబగబా జుట్టు సవరించుకుని లోపలికొచ్చేసింది.

"ముందే చెబితే కాస్త పౌడరైనా రాసుకొచ్చేదాన్ని కదే!"

"నీకు కాదు పిన్నీ."

"నాకు కాకపోతే ఇంకెవరికే ఇంత పొట్ట?"

ఈసారి మోడళ్ళు కూడా పకపకా నవ్వారు. పుల్ల నవ్వలేదు. బొమ్మ మీంచి గౌను జాగ్రత్తగా తీసి చేతి మీద వేసుకుంది. మోడళ్ళని దాటింది. పిన్నిని దాటింది. కత్తెరల సంచీ ఉన్న బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

"మేడం, ఆ కోటు విప్పండి."