తుప్పు పట్టిన గులాబీలు

జ్వరం తగ్గి పదకొండో రోజున పనిలోకి వచ్చిన ఆమె, గేటు పక్కనున్న మొదటి గులాబీ పొద ఆకు తిరగేసి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ఆకు అడుగున నారింజరంగు పొడి. ఆవగింజలంత బొడిపెలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. తుప్పు తెగులు! రెండో పొదా అంతే, మూడోదీ అంతే. వరసలో ఉన్న పదహారు పొదల్లో పన్నెండింటికి అంటుకుంది. కింద నేలంతా పండి రాలిన ఆకులే.

"ఏమయ్యా, రోజూ చూస్తున్నానన్నావు కదా?"

"చూశాను. బాగానే ఉన్నాయి," అన్నాడు మొగుడు. "ఏం, ఏమైంది?"

ఆమె సంచి పరిచి, గబగబా తెగులు ఆకులు కత్తిరించడం మొదలుపెట్టింది.

ఆ అతిథిగృహానికి ఆయన పెద్దమాలి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆకు చేతిలోకి తీసుకుంటే చాలు, రోగమేదో చెప్పేస్తాడని పేరు. ఆమె ఆయన చేతికింద మనిషి. తోట వెనక వాళ్ళుండే గది ఆయన ఉద్యోగం మీద ఇచ్చిందే. ఆమె పని పోతే ఒక జీతం తగ్గుతుంది, అంతే. ఆయన పని పోతే మాత్రం ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని రోడ్డున పడాల్సిందే.

పోయినేడు ఇదే తెగులు వచ్చినప్పుడు మేనేజరు నిలబెట్టి మరీ చెప్పాడు.

"మళ్ళీ కనబడిందో, ఎవరి తప్పయితే వాళ్ళు ఆ రోజే ఇంటికి. ఇంకో మాట లేదు."

అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకుంటే ఒట్టు. నీళ్ళు పొద్దున్నే, అదీ పొద మొదట్లోనే. ఆకు తడిస్తే తెగులుకు పండగే కదా! రాలిన ఆకును ఆ పూటే ఏరి కాల్చెయ్యడం. ఒక పొద కత్తిరించి ఇంకో పొద దగ్గరికి వెళ్ళే ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవడం. పదిరోజులకోసారి గంధకం మందు కొట్టడం. సీసా మీది రాతలు కూడబలుక్కుని చదివేది ఆమే, మూతతో కొలిచి పోసేది ఆమే. పెద్దమాలి గారు అలాంటి చిల్లర పనులు ముట్టుకోరని మిగతావాళ్ళు మూతులు తిప్పుకునేవాళ్ళు.

మందు ట్యాంకు వీపుకి తగిలించుకుని ఆమె ముందు నడిచేది. ఆయన వెనకాల, చేతులు ఊపుకుంటూ దొరబాబులా వచ్చేవాడు. దారిపొడుగునా ఆమె ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. అటు పైపు ఉంది, ఇటు మట్టి తవ్వారు, పిల్లి ఎదురొచ్చింది, ఎండ మండిపోతోంది... కాసేపు ఊరుకుందంటే చాలు, ఆయన కసురుకునేవాడు.

"ఏమే, నోట్లో ఏం పెట్టుకున్నావ్? మాట్లాడు!"

"ఆవిడ నోరు ఆగితే ఆయన కాళ్ళు ఆగిపోతాయిరా బాబూ," అని వాచ్‌మన్ వేళాకోళం.

రెండో సంచీ నిండేసరికి మేనేజరు కారు గేటు దాటి ఆగింది. పదిరోజులు సెలవుమీద వెళ్ళినవాడు అప్పుడే వస్తున్నాడు. దిగుతూనే ఒక ఆకు తుంచి తిరగేశాడు. వేలికి ఇటుకపొడిలా అంటుకుంది.

"ఏంటిది పెద్దాయనా? నిన్న ఫోన్లో బ్రహ్మాండంగా ఉన్నాయన్నావ్!"

మేనేజరు ఇంకో ఆకు తుంచాడు.

"ఎవరి నిర్వాకమిది? నాకు పేరు కావాలి. ఇప్పుడే కావాలి."

తను పదిరోజులు మంచం దిగలేదన్న ఒక్క ముక్క చెబితే ఆమె బయటపడుతుంది. వాచ్‌మన్‌ని అడిగినా చెబుతాడు. కానీ ఆ ముక్క వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి ఈ పదిరోజులూ చూసిందెవరని! అది తలుచుకునే ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేసి, నిండిన సంచులు పక్కకి లాగి అక్కడే నిలబడిపోయింది. ఆయనే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తాడులే అనుకుంది. వాన మీదకో, మందు కల్తీ మీదకో నెట్టెయ్యొచ్చు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ మాత్రం తోచకపోతుందా!

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా ఆడదే సార్. మొత్తుకుంటూనే ఉన్నాను, ఆకుల మీద నీళ్ళు కొట్టొద్దే అని. చెవికెక్కితేనా! పొద్దుగూకే వేళ పైపు పెట్టి పొద నెత్తిమీంచి పోస్తుంది. మందు కూడా సరిగ్గా కొట్టి చావదు."

ఆమెకు ఒళ్ళంతా భగ్గుమంది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తుకునే ఓపిక లేని మనిషి ఈ పదిరోజుల్లో పైపు ఎప్పుడు పట్టింది? ఛీ, ఇలాంటివాడి కోసమా తను ఏడాదిగా ఇంత చాకిరీ చేసింది! అందరి ముందూ కడిగి పారేద్దామని నోరు తెరిచింది.

"ఎవరూ? ఎక్కడుంది ఆవిడ?" ఆకు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు మేనేజరు.

"ఇదిగో సార్, ఇదే!" పెద్దమాలి చెయ్యి చాచి వేలు పెట్టి చూపించాడు.

మేనేజరు తల ఎత్తేలోపే ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా నాలుగడుగులు అటు నడిచి, ఏడాదిగా చూపులేని మొగుడి వేలు చూపిస్తున్న ఖాళీ చోట తల దించుకుని నిలబడింది.