పాలమ్మ రాయి

"నన్ను ఈడ్చి అవతల పడేసి, అప్పుడు పట్టుకెళ్లరా," అంది తలుపులమ్మ.

ఆవిడ గది గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది. పెద్దకొడుకు బుల్లియ్య ముందు పెట్టిన అన్నం పెట్టినట్టే చల్లారిపోయింది. పొద్దున మొదలైన తగువు దీపాలవేళకీ తెగలేదు.

తగువంతా ఆ గదిలో ఉన్న రాయి గురించే. మూడేళ్ల కిందట గోదారి వరద తీశాక బుల్లియ్య వలలోనే పడింది అది. నల్లగా, నున్నగా, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. పైన రెండు వరసలుగా చనుమొనల్లాంటి బుడిపెలు. చూస్తూనే తలుపులమ్మ చెంపలేసుకుంది. పాలమ్మ అని పేరు పెట్టేసింది.

అప్పట్నించీ పాలు పడని బాలింతలు చుట్టుపక్కల ఊళ్లనుంచి వస్తూనే ఉన్నారు. బిడ్డను రాయి ముందు పడుకోబెట్టి తలుపు మూస్తారు. తల్లి కాలవలో మునిగి తడిబట్టలతో వచ్చేదాకా ఎవరూ తొంగి చూడకూడదు. చూస్తే అమ్మవారి పాలు విరిగిపోతాయని తలుపులమ్మ మాట.

ఈ సంగతి కాలవ బంగళాలో దిగిన దొర చెవిన పడింది. రాళ్లూ మట్టీ పరీక్ష చేసే దొర. నిన్న వచ్చి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఆయన చెప్పినదాన్ని గుమాస్తా తెలుగులో చెప్పాడు. ఇది రాయి కాదట, పన్నట. ఏనుగులకి పూర్వకాలపు చుట్టమైన ఏదో పెద్ద జంతువుదట. ఆ జాతి ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదట. దొరల పుస్తకాల్లో దానికి పెట్టిన పేరుకి అర్థమేమిటో చెప్పడానికి గుమాస్తా ఆడవాళ్ల ముందు నీళ్లు నమిలాడు. చన్నుల్లాంటి పళ్లున్నది అని అర్థమట.

"చూశారా, ఆ సంగతి వాళ్లకీ తెలుసు," అంది తలుపులమ్మ.

వేసవికి కాలవల్లో నీళ్లు కట్టేసేలోపే దొర పడవ వెళ్లిపోవాలి. ఆ పన్ను ఇస్తే బుల్లియ్యకి కాలవ లాకు దగ్గర తలుపులు ఎత్తి దించే పని ఇప్పిస్తానన్నాడు. బుల్లియ్య అందుకే పట్టుబట్టాడు. గోదారి సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి తండ్రి పోయినప్పుడు అతను పక్కనే ఉన్నాడు. ఆనాటినుంచీ చేపల వేటకి వెళ్లిన ప్రతిసారీ భయపడుతూనే వెళ్తున్నాడు.

"పన్నుకి పసుపు రాసి పూజ చేస్తున్నామే అమ్మా," అన్నాడు.

"ఆ పన్నేరా నీ కొడుకుని నిలబెట్టింది."

బుల్లియ్య భార్య లోవమ్మకి పాలు పడలేదు. మేకపాలు పడితే పిల్లాడు కక్కేసేవాడు. ఎండుచేపలా అయిపోయాడు. పాలమ్మ గదిలో పెట్టడం మొదలుపెట్టాకే తేరుకున్నాడు. ఇంటి బిడ్డ కాబట్టి వేళాపాళా లేదు. వాడు ఏడ్చినప్పుడల్లా గదిలో పడుకోబెట్టి, లోవమ్మ కాలవకి పరిగెత్తేది.

వెనక వలలపాకలో కూర్చుని చిన్నకోడలు అచ్చాయమ్మ ఇదంతా వింటోంది. లోవమ్మ కనడానికి కాస్త ముందే ఆమె కూడా కన్నది. పిల్ల దక్కలేదు. అప్పట్నించీ ఆమెను పాలమ్మ గది గడప తొక్కనివ్వరు. బావగారి కొడుకు మీద ఆమె నీడ కూడా పడకూడదు. అలాగని అత్త చెడ్డదేం కాదు. దగ్గర కూర్చుని అన్నం తినిపించేది. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకి కట్టుకోమని మల్లెపూలు తనే కోసి తెచ్చి ఇచ్చేది. ఆ పూలను అచ్చాయమ్మ ఎవరూ చూడకుండా కాలవలో వదిలేసేది. అదొక తప్పు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేసింది. వలలపాకకీ గదికీ మధ్య తాటాకు దడే అడ్డం. పిల్లాడి ఏడుపు వినలేక ఓ రోజు ఆ దడి తప్పించి లోపలికి దూరింది. అమ్మవారి పాలు విరిగిపోతాయన్న మాట తెలిసే దూరింది. తాకొద్దన్న వాణ్ని తాకింది. ఈ ఒక్కసారే అనుకుంది. మానలేకపోయింది. వాడు తుమ్మినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా, తన పాపమే తగిలిందనుకునేది. అత్త రాయికి హారతిస్తుంటే తల ఎత్తలేకపోయేది. పోయిన తన పిల్లకి కూడా ద్రోహం చేస్తున్నట్టే ఉండేది.

బుల్లియ్య లేచి గోనెసంచి అందుకున్నాడు. పొద్దున్నే తీసుకెళ్లి ఇచ్చేస్తానన్నాడు.

ఎన్నడూ మొగుడికి ఎదురు చెప్పని లోవమ్మ పిల్లాణ్ని ఎత్తుకునే అతని కాళ్ల దగ్గర కూలబడింది. ఆ పని మనకొద్దంది. తను చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరుగుతానంది.

"రాయి పోతే వీడు నాకు దక్కడు," అంది.

బుల్లియ్య చేతిలో సంచి కిందికి జారింది. "అయితే రేపూ మొగలోకే పోతాను," అన్నాడు. ఆ గొంతు విని తలుపులమ్మ కూడా మొహం తిప్పుకుంది.

అరుపులకి పిల్లాడు లేచి ఏడుపందుకున్నాడు. లోవమ్మ కళ్లు తుడుచుకుని గదివైపు నడిచింది. తలుపులమ్మ కాళ్లు ముడుచుకుని దారిచ్చింది.

అప్పుడు అచ్చాయమ్మ పెరటి గుమ్మంలోంచి అందరి మధ్యకీ వచ్చింది. వెనక్కి వెళ్లమని ఆమె మొగుడు పోలయ్య కసిరాడు. ఆమె కదల్లేదు. బావగారి ఎదుట నోరు విప్పడం ఆమెకి ఇదే మొదలు.

"ఆ రాయి దొరకి ఇచ్చెయ్యండి బావగారూ," అంది నేలచూపులు చూస్తూ. "ఇవాళ్టినుంచి దడి దూరి దొంగచాటుగా కాదు, మీ అందరి ముందే కూర్చుని వాడికి పాలిస్తాను."