ఎడమ పెడల్

పందెం మొదలవబోతుండగా కామీల్ దొర సైకిలుకి ఎడమ పెడల్ మాయమైంది.

"నిన్న సాయంత్రం నానే నూనెట్టినాను! తెల్లారేసరికి నేదు!"

అచ్చెన్న అరుపులకి ఆ రేవు పట్నం చౌక్తడా వీధిలో జనం పోగయ్యారు. దొర సైకిల్ షాపులో అతను పనికి కుదిరి వారమే అయింది. అప్పుడే షాపుకి గండం.

గండం తెచ్చినవాడు విల్కాక్స్, ఇంగ్లీషువాళ్ళ సైకిల్ క్లబ్బు కెప్టెన్. మొన్న షాపుకొచ్చి సవాలు విసిరాడు.

"బెల్జియం చాంపియన్ అని బోర్డు పెట్టావే! యుద్ధం అయ్యాక ఒక్క రేసైనా తొక్కావా? ఊరి బయట ఇన్సేన్ దాకా వెళ్ళి వద్దాం. ఓడితే ఆ బోర్డు నీ చేత్తోనే దింపాలి."

సరేనన్నాడు దొర. అతనికి మిగిలిందల్లా ఆ పేరే.

ఇప్పుడు విల్కాక్స్ పకపకా నవ్వాడు. "పెడల్ లేదుగా. దింపెయ్ బోర్డు!"

"దొరా, చిటికెలో కొత్తది బిగించీనా?" అన్నాడు అచ్చెన్న.

"వొద్దురా. మా దేశం రేసుల్లో ఇంకొకడి చెయ్యి బండి మీద పడకూడదు. ఉన్నదాంతోనే తొక్కాల." రేవు కూలీల దగ్గర నేర్చిన తెలుగు దొరది.

కుంటుకుంటూ వచ్చి, దీపస్తంభం ఆసరాతో సైకిలెక్కాడు. ఎప్పటిలాగే పొడుగు ప్యాంటు, బూట్లు.

"రేసుకి ప్యాంటేమిటయ్యా? పెళ్ళికి వెళ్తున్నావా?" అన్నాడు నిక్కరు వేసుకున్న విల్కాక్స్.

దొర కుడి పాదాన్ని పెడల్‌కి తోలుపట్టీతో బిగించుకున్నాడు. ఎడమ కాలు ఊరికే వేలాడింది.

విల్కాక్స్ మొదట్లోనే గాలిలా దూసుకుపోయాడు. దొర నింపాదిగా కదిలాడు. జనం జాలిపడ్డారు. అచ్చెన్న బోర్డు కేసి చూడలేకపోయాడు.

ఎండ ముదిరింది. ఇన్సేన్ రోడ్డు మీద దుమ్ము లేచింది. ముందు కనిపించింది వేలాడుతున్న కాలు!

వీధి దద్దరిల్లింది. చాలాసేపటికి విల్కాక్స్ రొప్పుతూ వచ్చిపడ్డాడు. అచ్చెన్న అతని కాలరు పట్టుకున్నాడు.

"పెడల్ తీయించినోడివి నువ్వే కదేటి? నిజం చెప్పు!"

"నేను కాదు! దేవుడి మీద ఒట్టు!"

దీపస్తంభానికి ఆనుకుని దొర నవ్వాడు.

"ఆ బాబుని ఒగ్గేయిరా అచ్చెన్నా, తీసింది నానే. ఎడమ కాలు యుద్దంలోనే పోనాది, ఈ కర్రకాలికి పెడలెందుకు, బరువు దండగ!"