మూల విరిగిన గడియారం

వెనక వరండా గోడ బోసిపోయి ఉంది.

నాలుగు ఇనప కొక్కేలు మాత్రం మిగిలాయి. వాటి మధ్య, నల్లరాతి నీడ గడియారం పలక పధ్నాలుగేళ్లు కప్పి ఉంచిన మేర, సున్నం నిన్న వేసినట్టు తెల్లగా ఉంది. కాఫీ కప్పుతో వచ్చిన గడియారాలాయన ఆ తెలుపు చూశాడు. కప్పు నేలకేసి కొట్టాడు. కప్పు మీద ఉన్నదీ నీడ గడియారం బొమ్మే.

వీధిలో ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇంట్లో నలభై మూడు పాత నీడ గడియారాలున్నాయి. ఇత్తడివి, పాలరాతివి, చివరికి ఉంగరంలా వేలికి తొడుక్కునేవి కూడా. దిండు గలీబుల మీదా, గొడుగు మీదా, కారు తాళాల గుత్తికీ అదే బొమ్మ. ఇంటికొచ్చినవాళ్లు టైమెంతయిందని అడిగితే మాత్రం సెల్‌ఫోన్ చూసి చెబుతాడు.

"వాడే! ఆ తోటమాలి వెధవే!" అని ఒంటికాలి మీద లేచాడు.

తోటమాలి చేరి మూడు వారాలైంది. తల పండిన మనిషి. నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు. చేరిన రోజే ఆ పలక ముందు నిలబడిపోయి, చేతిలో పైపు సంగతి మరిచిపోయి, వరండా అంతా మడుగు చేశాడు.

"అయ్యా, ఇది ఈ గోడది కాదు. నలభై నిమిషాలు తప్పు చూపిస్తోంది" అన్నాడు.

ఇలాంటి రాతి గడియారం ఏ గోడ కోసం చెక్కారో ఆ గోడ మీదే సరైన టైము చూపిస్తుంది. ఆ సంగతి గడియారాలాయనకు తెలియక కాదు. మొక్కలకు నీళ్లు పోసేవాడు తనకు పాఠం చెప్పడమేమిటని ఒళ్లు మండింది. "గోడలతో నీకేం పనిరా?" అని గదమాయించాడు. ఆ రోజే మెడబట్టి గెంటాల్సిందని ఇప్పుడు పళ్లు పటపట కొరికాడు.

భార్య చీపురు తెచ్చి పెంకులు ఊడవసాగింది.

"పోతే పోయిందిలెండి. ఇంకా నలభై రెండున్నాయిగా" అంది తలెత్తకుండా.

"అవన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు! నీకేం తెలుసు దాని విలువ?"

"పోలీసుల దాకా ఎందుకండీ? నా మాట వినండి."

"దొంగని ఇంట్లో పెట్టుకుని హారతి పట్టమంటావా?"

ఆమె పెంకులు చేటలోకి ఎత్తింది. ఆ పలకను ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆయన ఆమెకు కూడా చెప్పలేదు. సేకరించేవాళ్లకు అలాంటి గుట్లు మామూలే. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, అలాగే కారెక్కి వెళ్లిపోయాడు.

పోలీసు స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి, ఇన్‌స్పెక్టర్ బల్ల మీద అదే పలక. ఆయన ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకెళ్లి పసిబిడ్డను తడిమినట్టు తడిమాడు. అప్పుడు కనిపించాడు తోటమాలి, గోడవారగా బెంచీ మీద, ఒళ్లో చిన్న గుడ్డమూటతో.

"దొరికాడన్నమాట!"

"దొరకడం కాదు సార్. పొద్దున్నే తనే మోసుకొచ్చాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"భయపడి తెచ్చుంటాడు! జీతమిచ్చి పెట్టుకుంటే నా ఇంటికే కన్నం వేశాడు. లోపల పడేయండి సార్!"

ఇన్‌స్పెక్టర్ ఓ పాత ఫైలు తిరగేశాడు. "ఇతని మీద ఇదివరకే ఒక కేసుంది. దొంగతనమే. ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఉన్న ఉద్యోగం కూడా పోయింది."

"చూశారా! పుట్టుదొంగ!" గడియారాలాయన చెయ్యెత్తి మీదికి వెళ్లబోయాడు. కానిస్టేబుల్ అడ్డుపడ్డాడు. తోటమాలి రెప్ప కూడా వాల్చలేదు.

"ఆవేశపడకండి. ఇది మీదేననడానికి రుజువేమిటి? రసీదుందా?"

"పధ్నాలుగేళ్ల నాటి రసీదు ఎవడు దాస్తాడండీ?"

"ఇలాంటిది ఇంకెవరి దగ్గరైనా ఉండొచ్చుగా?"

ఆ మాటతో గడియారాలాయనకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇలాంటిదా? ప్రపంచంలో ఇంకోటి చూపించండి! ఈ కుడి మూల చూడండి. మూడు అంకె ఉన్న ముక్క లేదు. ఎందుకు లేదో ఎవరికి తెలుసు? నాకు! నా చేతిలోనే విరిగింది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు."

"అంటే, మీరు ముట్టుకునే ముందు..."

"చిన్న గీత కూడా లేదు!"

"మరి ఆ ముక్క ఏమైంది?"

"ఏమైతే మీకెందుకు? పోయింది."

"ఇదంతా రాసివ్వండి" అని ఇన్‌స్పెక్టర్ కాగితం ముందుకు తోశాడు.

గడియారాలాయన రాశాడు. కోపానికి కలం కాగితాన్ని రెండు చోట్ల చించింది. మూల తన చేతిలోనే విరిగిందన్న మాట కింద గీత కూడా గీశాడు. సంతకం పెట్టి, కాగితాన్ని ఇన్‌స్పెక్టర్ మీదికి విసిరినంత పని చేశాడు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని నిదానంగా చదివి, ఫైల్లో పెట్టి, బెంచీ వైపు తిరిగాడు.

"నువ్వేమంటావు?"

తోటమాలి లేచి మూట విప్పాడు. అరచేయంత నల్లరాతి ముక్క. వెనక పాత సున్నం గట్టిగా పట్టి ఉంది. ముందు మూడు అంకె. దాన్ని పలక కుడి మూలకు ఆనించాడు. వెంట్రుక దూరే సందు కూడా లేదు. ముక్కను అలాగే అదిమిపట్టి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"నేను గంట కొట్టే బడి గోడలో ఈ ముక్క ఒక్కటే మిగిలిందని, మిగతా గడియారం ఎక్కడ దాచావో చెప్పమని పధ్నాలుగేళ్ల కిందట ఇదే గదిలో నన్ను గొడ్డును బాదినట్టు బాదారు సార్."