రెండూ మూడూ ఏడు

“రెండూ మూడూ కలిపితే ఏడా? ఒకటో తరగతి పిల్లలు కూడా నవ్వుతారు చుక్కమ్మా!” బావ అరుపుకి ప్రయోగశాలలో అందరూ ఉలిక్కిపడ్డారు.

చుక్కమ్మ అసలు పేరు కాదు. నీటి చుక్కలతో లెక్కలు చేసే యంత్రం తయారు చేస్తున్న మరదలికి ఆయనే పెట్టిన ముద్దుపేరు. ఈ రోజు మాత్రం ఆ పిలుపులో ముద్దు లేదు. యంత్రాన్ని కొనేవాళ్ళు దారిలో ఉన్నారు.

ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. కింద అరచేయంత గాజు పలక. అందులో వెంట్రుకంత సన్నని కాలువలు, వాటిలో నూనె, నూనెలో ఒకదాని వెనక ఒకటి సాగే నీటి చుక్కలు. కాలువ చీలే ప్రతిచోటా ఒక రబ్బరు రెక్క. చుక్క వచ్చి తోస్తే రెక్క పక్కకు వాలి, వెనక వచ్చే చుక్కకు దారి మారుస్తుంది. లెక్కంతా ఆ మలుపుల్లోనే. కరెంటుతో పని లేదు. నిన్నటిదాకా ఒక్క తప్పు రాలేదు.

“చుక్క తగలకుండానే రెక్క కదులుతోంది బావా. ఎక్కణ్ణుంచో అదురు వస్తోంది.”

“అదురా? అది నా గుండెదే అయ్యుంటుంది!”

వెనక గదిలో నీళ్ళ పంపు ఆపించింది. ఫ్యాన్లు ఆపించింది. అయినా రెక్క ఆగలేదు. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు.

“అందర్నీ బయటికి పంపు బావా. అడుగుల చప్పుడు కూడా ఉండకూడదు.”

“మూడంతస్తుల జనాన్నా? నీకేమైనా పిచ్చా?”

“కాసేపే. అప్పటికీ తప్పు వస్తే ఈ పలక నీ చేతికే ఇస్తా, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో.”

పైనుంచి అక్క దిగి వచ్చింది. “అది అడిగినట్టు చెయ్యండి, పోయేదేముంది?” అంది. అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు బావకు లేదు.

అందరూ సణుక్కుంటూ మెట్లు దిగి, ఆవరణ చివర గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు. అంతలోనే కొనేవాళ్ళ కారు రానే వచ్చింది. “చిన్న పరీక్ష జరుగుతోందండీ...” అంటూ బావ నీళ్ళు నమిలాడు.

లోపల చుక్కమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. భవనంలో చీమ చిటుక్కుమనడం లేదు. అయినా చుక్క దగ్గరికి రాకముందే రెక్క కొట్టుకుంది. ఒకటి కాదు, అన్నీ. ఇందాకటికంటే గట్టిగా. ఆమెకు కళ్ళు మసకబారాయి. పలకను గుడ్డలో చుట్టుకుని బయటికి నడిచింది. ఆవరణ దాటి గేటు దగ్గరికి వచ్చింది.

“ఏమైంది?” బావ ఎదురొచ్చాడు.

“లోపల నరపురుగు లేదు బావా. ఒక్క మిషనూ నడవట్లేదు. అయినా రెక్కలు ఊగుతూనే ఉన్నాయి.” గుడ్డ విప్పి పలకను ముందుకు చాపింది. “తప్పు నాదే. ఇదిగో, తీసుకో.”

కొనడానికి వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. బావ మొహం కందగడ్డయింది. పలకను లాక్కుని, నేలకేసి కొట్టడానికి చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆమె వెనక, మనిషన్నవాడు లేని మూడంతస్తుల భవనం నిలువునా కుప్పకూలింది.