తీతువు చెప్పిన వాన

"విత్తనాల బాన ఖాళీగా ఉందేమయ్యా?"

నందిగామలో చెల్లెలి పురుడు పోసి, బొగ్గుతో నడిచే బస్సు దిగి అప్పుడే ఇల్లు చేరిన బసవమ్మ చంకలో మూటయినా దించకుండా మొగుణ్ణి అడిగింది.

"జొన్న ఎదబెట్టేశా," అన్నాడు సాంబయ్య. అతని మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు కనిపించింది.

"వాన పడకుండానా? కప్పలన్నా అరవలేదే."

"కప్పదేముందే? వాన పడ్డాక అరుస్తది. దానికోసం ఆగితే అదునే పోద్ది. తీతువు పిట్ట ముందే చెప్పుద్ది. పల్లంలో గుడ్లు పెడితే కరువు, గట్టు మీద పెడితే వరద. మా నాయన దాన్ని చూసే ఎదబెట్టేవాడు, ఏనాడూ తప్పలేదు. నువ్వు చేలో పాత పంట కొయ్యకాళ్ళు ఏరి ఊరెళ్ళావు చూడు, ఆ మర్నాడే దున్నడానికి పోతే మన గట్టు మీద గుడ్లు కనపడ్డాయి."

బసవమ్మ మూట పక్కనే కూలబడింది.

"చావు కబురు చెప్పే పిట్టను నమ్మి ఉన్న గింజలన్నీ మట్టిలో పోశావా? బోదురు కప్ప నేలలో ఉంటది. నేల సంగతి దానికి తెలిసినట్టు గాల్లో తిరిగేదానికేం తెలుసు?"

"ప్రయాణం చేసొచ్చావు, ముందు అన్నం తిను. వానొస్తది."

రాలేదు. పోయినేడూ ఇంతే. ఈసారి పంట పోతే ఎడ్లను అమ్ముకోవడమేనని ఇద్దరికీ ముందే తెలుసు. నేలలో ఉన్న కాస్త తడికి మొలకలు తలెత్తి, వేలెడు కాకముందే మాడిపోయాయి. బోదురు కప్పల జాడే లేదు. సాంబయ్య జగ్గయ్యపేట సంతలో ఎడ్లనిచ్చేసి, ఆనవాయితీగా తనే ఉంచుకున్న పాత పలుపుతాళ్ళు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఇంట్లోకి రాకుండా నేరుగా చేనికి నడిచాడు. ఆ పలుపులతో ఏం చేసుకుంటాడోనని బసవమ్మ వెనకే పరుగెత్తింది.

గట్టు మీద తీతువు ఇంకా గుడ్లను పొదుగుతోంది. సాంబయ్య మట్టిపెళ్ళ ఎత్తాడు.

"అబద్ధాల పిట్ట. దీనికంటే కప్పే నయం. తెలియనప్పుడు నోరు మూసుకుంది. ఇది మా నాయన మాటను కూడా మాడ్చేసింది."

బసవమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దాన్ని కొట్టకయ్యా. అది అబద్ధం చెప్పలేదు."

"మరెవరు చెప్పారు?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"నాగలి కింద పడతాయని, పల్లంలోంచి తీసి గట్టు మీద పెట్టింది నేనే."