హైవే, సర్వీస్ రోడ్డు

"ఇంకోసారి చెప్పు సార్," అంది మీరాబీ.

నంద్యాల కోర్టు వరండాలో ప్రభుత్వ వకీలు ఆనందరావు ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. "హైవే అంటే లారీలు దూసుకుపోయే పెద్దరోడ్డు. దానికి అడ్డం పోతే తప్పు పోయినవాళ్లదే. సర్వీస్ రోడ్డు అంటే దాని పక్కన ఊళ్లోవాళ్లు తిరగడానికి వేసింది. మీ ఆయన సర్వీస్ రోడ్డులో ఉన్నాడంటే డ్రైవరుకు జైలే. హైవే ఎక్కాడంటే వదిలేస్తారు. చూసింది నువ్వొక్కదానివే. కష్టమే, నాకు తెలుసు. కానీ చూసిందే చెప్పమ్మా."

"చెప్పాల్సిందే వదినా," అన్నాడు మరిది రఫీక్. "చేసినోడు ఎవుడైనా గానీ, తప్పు తప్పే. అన్నకు న్యాయం జరగాల."

ఆ మాట నిజమేనని ఆమెకూ తెలుసు. మొగుడు హుస్సేన్ వలి అంత నిదానస్తుడు వాళ్ల పేటలోనే లేడు. రోడ్డు దాటాలంటే పెళ్లాం చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ రోజూ అంతే. ఆళ్లగడ్డలో పెళ్లికని బయల్దేరి, సర్వీస్ రోడ్డు ఓరన మూసి ఉన్న టీ బంకు పక్కన ఇద్దరూ నిలబడ్డారు. బేతంచెర్ల బండల లారీ హైవే దిగి వేగంగా ఇటు మళ్లింది. దాన్ని చూసి ఆయన చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పోయాడు పాపం.

అప్పట్నుంచీ ఆ డ్రైవరు పేరు తలిస్తే మీరాబీకి ముద్ద దిగదు. సాక్షి బోనెక్కినా ముద్దాయి వైపు చూడలేదు.

"మీ ఆయన ఎక్కడ ఉన్నాడమ్మా అప్పుడు?" అన్నాడు ఆనందరావు.

మీరాబీకి మొగుడి మొహమే కళ్లముందు మెదిలింది. చచ్చినవాడి మీద నింద వేయడానికి నోరెట్లా వస్తుంది? వచ్చింది.

"హైవే మీద సార్. నేను వద్దంటాన్నా అడ్డం పోయినాడు. తప్పు మా ఆయప్పదే."

రఫీక్ తల పట్టుకున్నాడు. ఏదో వేరే కేసుకు వచ్చిన ముసలాయన, "మొగుణ్ణి అమ్ముకునింది," అని గొణిగాడు.

"నిన్నెవరైనా బెదిరించారా?" జడ్జి అడిగాడు.

"లేదు సామీ," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అప్పుడు ముద్దాయి బోనులోంచి లారీ డ్రైవరు బాబ్జాన్ చేతులు జోడించి, "మాయమ్మ అబద్ధం చెప్తాంది సార్, మా నాయన హైవే ఎక్కనే లేదు," అన్నాడు.